నాలుగు గొంతుల బతుకమ్మ పాటకు తక్కువ ఖర్చులో ఏ రివర్బ్ ప్లగిన్ మంచిది?

పానగల్లు పంతులమ్మ, నల్లగొండ:

అందరికీ నమస్కారం. నేను నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లులో ఉంటాను, బడిలో పాఠాలు చెబుతాను. మా అమ్మ, ఆమెతో చిన్ననాటి నుంచి బతుకమ్మ ఆడిన మరో ముగ్గురు పెద్దవాళ్లు కలిసి పాడే పాటలను, వాళ్ల గొంతుల్లో సత్తువ ఉండగానే, ఇంట్లోనే రికార్డు చేసి పెట్టుకోవాలని రెండేళ్లుగా ప్రయత్నిస్తున్నాను. ఇప్పటికి పద్నాలుగు పాటలు పూర్తయ్యాయి. నా దగ్గర రెండు మైకులు పెట్టుకోగల ఆడియో ఇంటర్‌ఫేస్, రెండు కండెన్సర్ మైకులు, ఎనిమిది జీబీ మెమరీ ఉన్న పాత ల్యాప్‌టాప్, పాటలు రికార్డు చేసే రీపర్ సాఫ్ట్‌వేర్ ఉన్నాయి. పాట ఎత్తుకునే అమ్మకు ఒక మైకు, అందుకుని పాడే ముగ్గురికీ కలిపి ఒక మైకు పెడుతున్నాను. వీధిలో పాల బండి తిరగకముందే, ఫ్యాను ఆపేసి, తెల్లవారుజామున రికార్డు చేస్తాము.

చిక్కంతా రివర్బ్ దగ్గరే, అంటే గొంతు వెనక గది మోత కలిపే చోటే, వస్తున్నది. ఏమీ కలపకపోతే పాట నలుగురు గోడకు ఆనుకుని పాడినట్లు ఎండిపోయి ఉంటున్నది. కలిపితే బిందెలో తల పెట్టి పాడినట్లు ఉంటున్నది. రీపర్‌తో పాటే వచ్చే రియావెర్బేట్, ఉచితంగా దొరికే డ్రాగన్‌ఫ్లై హాల్, ఓరిల్‌రివర్, టాల్ రివర్బ్ 4, వల్హల్లా సూపర్‌మాసివ్ అనే అయిదు ప్లగిన్లనూ (రీపర్‌లో తెరిచి వాడే చిన్న ప్రోగ్రామ్‌లు) వాడి చూశాను. వీటిలో టాల్ కాస్త మెత్తగా వినిపించింది, సూపర్‌మాసివ్ వినిపించినప్పుడు మా అమ్మ హెడ్‌ఫోన్ తీసేసి, "బాయిలకెల్లి పాడినట్టున్నది, ఇది నా గొంతేనా?" అన్నది.

అయిదు వేల రూపాయల వరకు ఖర్చు పెట్టగలను. వల్హల్లా వారి రూమ్, వింటేజ్‌వెర్బ్ ఒక్కొక్కటి 50 డాలర్లని చూశాను. ఆ రెండింటిలో ఒకటి కొంటే ఈ బిందె చప్పుడు పోతుందా, లేక ఉచితమైన వాటిలోనే నేను సరిగా వాడలేకపోతున్నది ఏమైనా ఉందా అన్నది తెలిసినవారు చెప్పగలరని మనవి.

పాలమూరు తంబుర, మహబూబ్‌నగర్:

పంతులమ్మ గారూ, నమస్కారం. మీరు చెప్పిన అయిదూ నా దగ్గర ఉన్నాయి, వాటిలో నాలుగింటిని ఇప్పటికీ వాడుతున్నాను. ముందుగా ఒక అనుమానం తీర్చండి. ప్లగిన్‌ను ప్రతి గొంతు ట్రాక్ మీదా నేరుగా పెట్టి వెట్ నాబ్ (రివర్బ్ మోతాదు) తిప్పుతున్నారా, లేక వేరుగా ఒక ట్రాక్ తెరిచి, అందులో ఒకే రివర్బ్‌ను పూర్తి వెట్‌లో (అసలు గొంతు లేకుండా మోత మాత్రమే వచ్చేలా) ఉంచి, రెండు గొంతు ట్రాకులనూ సెండ్ (ఒక ట్రాక్ శబ్దంలో కొంత మరో ట్రాక్‌కు చేర్చే దారి) ద్వారా అక్కడికి పంపుతున్నారా? మొదటిదైతే మీ అమ్మగారు ఒక గదిలో, మిగిలిన ముగ్గురూ మరో గదిలో పాడినట్లు వినిపించడంలో ఆశ్చర్యం లేదు. ఒకే వాకిట్లో నిలబడి పాడేవారికి ఒకే రివర్బ్ ఉండాలి. ఎవరు దగ్గర, ఎవరు దూరం అన్నది సెండ్ మోతాదుతో తేల్చాలి. పాట ఎత్తుకునే గొంతుకు కొంచెం తక్కువ, అందుకునే గొంతులకు కొంచెం ఎక్కువ పంపితే వాళ్లు సహజంగానే వెనక నిలబడతారు.

ఇక ప్లగిన్ల సంగతి. కంప్యూటరుతో రివర్బ్ పుట్టించే పద్ధతికి పునాది 1960ల మొదట్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ వేశారు. ధ్వనిని చిన్న చిన్న ఆలస్యాలలో తిప్పి మళ్లీ మళ్లీ కలపడం అందులోని కిటుకు. 2000 సంవత్సరంలో అందరికీ ఉచితంగా విడుదలైన ఫ్రీవెర్బ్ అనే ప్రోగ్రామ్ ఒక్కో వైపు ఎనిమిది కోంబ్ ఫిల్టర్లను, నాలుగు ఆల్‌పాస్ ఫిల్టర్లను, అంటే ధ్వనిని ఆలస్యం చేసి తిప్పే మెట్లను, పేర్చి ఇదే పని చేస్తుంది, ఆ తరువాత వచ్చిన ఉచిత ప్లగిన్లలో చాలావాటికి అదే తాత. ఈ ఆలస్యాలు మరీ తక్కువగా, కదలకుండా ఉంటే వాటికవే ఒక స్వరంలో మోగడం మొదలవుతుంది. మీరు బిందె చప్పుడు అన్నదానిలో కొంత భాగం ఇదే. ఖరీదైనవి, మంచి ఉచితమైనవి ఆ ఆలస్యాలను లోలోపల మెల్లగా కదిలిస్తూ ఆ మోతను చెదరగొడతాయి. టాల్ మీకు మెత్తగా వినిపించడానికి కారణం కూడా అదే అనుకుంటాను. దానిలో నాబ్‌లు తక్కువ కాబట్టి చెడగొట్టుకునే అవకాశమూ తక్కువే.

డ్రాగన్‌ఫ్లైలో మీరు హాల్ ఒక్కటే చూశారు. హాల్, రూమ్, ప్లేట్, ఎర్లీ రిఫ్లెక్షన్స్ అని అవి నాలుగు వేర్వేరు ప్లగిన్లు. మీ పనికి రూమ్ గాని ప్లేట్ గాని సరిపోతుంది. పెద్ద ఉక్కు రేకును వేలాడదీసి కంపింపజేసే అసలు ప్లేట్ యంత్రాన్ని, అంటే ఈఎంటీ 140ని, జర్మనీలో 1957లో తయారు చేశారు. గది తాలూకు తొలి ప్రతిధ్వనులు విడివిడిగా లేకుండా తోక, అంటే చివర సాగుతూ తగ్గిపోయే మోత, వెంటనే చిక్కగా మొదలవడం దాని గుణం. అందుకే ఆడవారి గొంతుకు గది రంగు అంటకుండా కాస్త నిగారింపు మాత్రమే కావాలంటే ప్లేట్ బాగుంటుంది. ఓరిల్‌రివర్‌లో తొలి ప్రతిధ్వనులను, తోకను విడివిడిగా తగ్గించి పెంచవచ్చు కనుక నేర్చుకోవడానికి దానికి మించినది లేదు. సూపర్‌మాసివ్‌ను 2020లో ఉచితంగా ఇచ్చినప్పుడు నేను కూడా సంబరపడి అన్నింటి మీదా వేశాను, కాని అది ఎడతెగని మబ్బుల్లాంటి శబ్దాల కోసం చేసిన ప్లగిన్. వాకిట్లో పాడే పాటకు అది సరిపడకపోవడం దాని తప్పు కాదు.

కొనాలనే అనుకుంటే రూమ్ కన్నా వింటేజ్‌వెర్బ్‌కే నా ఓటు. అందులో 1970ల రంగు అనే అమరికను ఎంచుకుంటే సుమారు 10 కిలోహెర్ట్జ్ పైన శబ్దం తెగిపోతుంది, పాత యంత్రాలలాగే తోక నల్లగా, వెనకగా ఉంటుంది, పైన గొంతు తేటగా నిలుస్తుంది. ఆ సంస్థ ధరలు తగ్గింపులంటూ ఊగిసలాడవు, ఎప్పుడు కొన్నా అదే 50 డాలర్లు, కాబట్టి తొందరపడవలసిన పనీ లేదు. డెమో దించుకుని నెల రోజులు వినండి.

అయితే ఏ ప్లగిన్ వాడినా తెలుగు పాటకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. పైగా బతుకమ్మ పాటలో ప్రతి పాదం చివర "ఉయ్యాలో" అని ఓకారాన్ని సాగదీస్తాము. రివర్బ్ తోకలోకి చేరేది ఆ సాగదీసిన ఓకారమే. అది తగ్గకముందే పాట ఎత్తుకునేవారు తరువాతి పాదం అందుకుంటే, ఆ పాదంలోని మొదటి హల్లు ఓకారం కింద మునిగిపోతుంది. హల్లుతో ఆగిపోయే మాటలు ఎక్కువగా ఉన్న భాషల పాటలకు సరిపోయిన ప్రీసెట్లు (ప్లగిన్‌తో ముందే వచ్చే అమరికలు) మన పాటకు ఎక్కువైనట్లు అనిపించడానికి ఇదొక కారణమని నా అనుభవం.

దీనికి లెక్క చాలా తేలిక. చప్పట్లు నిమిషానికి 96 పడుతున్నాయనుకుందాం. 60,000ను 96తో భాగిస్తే 625 మిల్లీసెకన్లు, అది ఒక చప్పట్టుకు పట్టే కాలం. "ఉయ్యాలో" ఆగిన చోటి నుంచి తరువాతి పాదం మొదలయ్యేవరకు రెండు చప్పట్ల ఎడం ఉంటే 1,250 మిల్లీసెకన్లు. 625ను సగాలు చేసుకుంటూ వెళితే నాలుగోసారి 39 వస్తుంది. దాన్ని ప్రీ-డిలేగా పెట్టి, డికేను, అంటే తోక తగ్గిపోవడానికి పట్టే కాలాన్ని, 1.2 సెకన్ల దగ్గర ఆపండి. ప్రీ-డిలే అంటే గొంతుకు, దాని ప్రతిధ్వనికి మధ్య వదిలే ఎడమే. 39 మిల్లీసెకన్లలో ధ్వని సుమారు 13 మీటర్లు పోతుంది, అంటే గోడ ఆరున్నర మీటర్ల దూరంలో ఉన్నట్లు. మన వాకిళ్లకు ఎదురింటి గోడ దాదాపు అంత దూరంలోనే ఉంటుంది కదా! హల్లు ముందు తేటగా వినిపించి, గాలి తరువాత వస్తుంది.

చివరగా, రివర్బ్ ట్రాక్‌లో ప్లగిన్‌కు ముందు ఒక ఇక్యూ (కింది, పై స్థాయి శబ్దాలను తగ్గించి పెంచేది) పెట్టండి. లండన్‌లోని అబీ రోడ్ స్టూడియోలో రివర్బ్‌కు పంపే శబ్దంలో 600 హెర్ట్జ్ కింద, 10 కిలోహెర్ట్జ్ పైన కోసేసే అలవాటు ఉండేది. మీరు 400 దగ్గర, 7 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి చూడండి. స, శ, చ అక్షరాల బుస తోకలోకి పోకుండా ఆగిపోతుంది.

బొంతల గది, దేవరకొండ:

తంబుర గారి లెక్కలు సరైనవే. అయితే పంతులమ్మ గారి బిందె ప్లగిన్‌లో లేదని, ఇంట్లో ఉన్నదని నాకు గట్టి అనుమానం.

మీరు రికార్డు చేసే గదికి స్లాబు కప్పు, సిమెంటు గిలాబు గోడలు, కింద షాబాద్ బండలు ఉన్నాయా? మా ఇంట్లోనూ అదే కట్టడం. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు గల గదిని తీసుకుంటే ఘనపరిమాణం సుమారు 34 ఘనపు మీటర్లు, గోడలు, నేల, కప్పు కలిసి సుమారు 63 చదరపు మీటర్లు. ఆ తలాలు పడిన ధ్వనిలో సగటున నూటికి అయిదు వంతులు మాత్రమే పీల్చుకుంటాయనుకుంటే, వాలెస్ సాబిన్ సూత్రం ప్రకారం, అంటే 0.161ని 34తో గుణించి 3.15తో భాగిస్తే, ప్రతినాద కాలం, అంటే మోత అణగిపోవడానికి పట్టే కాలం, 1.7 సెకన్లకు పైగా వస్తుంది. మీరు 1.2 సెకన్ల రివర్బ్ కలపబోతున్న గొంతుకు అంతకంటే పెద్ద రివర్బ్ ముందే అంటుకుని ఉన్నదన్నమాట! రెండు గదులు ఒకదాని మీద ఒకటి పడితే బిందె కాక మరేమి వినిపిస్తుంది? "ఏమీ కలపకపోతే ఎండిపోయి ఉన్నది" అన్నారు గాని, హెడ్‌ఫోన్ పెట్టుకుని పాటకు పాటకు మధ్య దగ్గు గాని మాట గాని వచ్చిన చోటు విని చూడండి.

గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్టు కొట్టండి. చప్పుడు వెంబడి బొంగరం తిరిగినట్లు సన్నటి గుర్రుమనే శబ్దం వస్తే, అది ఎదురెదురు గోడల మధ్య ధ్వని పరుగు. పదడుగుల ఎడంలో అది సెకనుకు సుమారు 56 సార్లు పోయి వస్తుంది. దాన్ని ఒకసారి రికార్డు చేశాక ఏ ప్లగినూ పూర్తిగా తీయలేదు.

నేను చేసింది ఇది. మా నాయనమ్మ పాత చీరలతో కుట్టిన బొంతలు అటక మీద ఉండేవి. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న ఆరు బొంతలను గోడకు నాలుగు వేళ్ల ఎడం వదిలి తాడు మీద ఆరేశాను. అవి పడిన ధ్వనిలో సగం పీల్చుకుంటాయని లెక్క వేసినా ఆ గది కాలం 0.6 సెకన్లకు దిగుతుంది. ఎడం వదలడం ముఖ్యం. గోడకు అంటించి వేసిన బట్ట పైస్థాయి శబ్దాలను మాత్రమే పీల్చి, నడిమి స్థాయిని అలాగే వదిలేస్తుంది. సాబిన్ 1890లలో హార్వర్డ్‌లో ఒక ఉపన్యాస మందిరం బాగోగులు చూడమన్నప్పుడు, పక్కనున్న సాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోసుకొచ్చి, ఎన్ని పరిస్తే మోత ఎంత తగ్గుతుందో గడియారం పట్టుకుని రాత్రిళ్లు కొలిచాడు. ఆయన మెత్తల పనే మన బొంతలూ చేస్తాయి. ఒక్క సంగతి మాత్రం ఒప్పుకోవాలి: డప్పు గుమ్ము వంటి కింది స్థాయి శబ్దాలను బొంతలు ఏమీ చేయలేవు.

మరొక మాట, మైకు దూరం. మూర దూరంలో ఉన్న మైకును జానెడు దూరానికి జరిపితే గొంతు నేరుగా చేరే మోతాదు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది మోత మాత్రం అంతే ఉంటుంది. పైసా ఖర్చు లేని ఈ 6 డెసిబెల్స్‌ను 50 డాలర్ల ప్లగిన్ ఇవ్వలేదు.

పాలమూరు తంబుర, మహబూబ్‌నగర్:

బొంతల గది గారి మాటకు ఎదురు చెప్పను. ఆ సంగతి నేను ముందుగా అడగవలసింది. కాని ఒక హెచ్చరిక: బొంతలు మరీ ఎక్కువైతే పెద్దవాళ్లకు తమ గొంతు తమకు వినిపించక అరవడం మొదలుపెడతారు. పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ పాడే ఒక పెద్దాయనను నేను ఇలాగే నాలుగు వైపులా దుప్పట్లు కట్టి కూర్చోబెడితే, పాట సగంలో ఆపి, "గొంతు పట్టుకపోయినట్టున్నది" అని లేచి వాకిట్లోకి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి పాడేవారి వెనక, పక్కన మాత్రమే బొంతలు కట్టి, ముఖానికి ఎదురుగా ఒక గోడను ఖాళీగా వదులుతున్నాను.

పానగల్లు పంతులమ్మ, నల్లగొండ:

ఇద్దరికీ ధన్యవాదాలు. చప్పట్టు కొట్టి చూశాను. బొంగరం శబ్దమని మీరన్నది అచ్చంగా అలాగే వినిపించింది. ఇన్నాళ్లుగా ఆ గదిలోనే తిరుగుతూ దాన్ని నేను ఎన్నడూ గమనించలేదు. అవును, షాబాద్ బండలే. ప్లగిన్‌ను రెండు ట్రాకుల మీదా విడివిడిగా పెట్టిన మాట కూడా నిజమే.

ఆదివారం నాలుగు బొంతలు, రెండు జంపఖానాలు కట్టి ఒక పాటను మళ్లీ పాడించాను. అమ్మ మైకును జానెడు దూరానికి జరిపాను గాని, ముగ్గురికీ ఒకే మైకు కనుక వాళ్లు అర్ధచంద్రంగా నిలబడి మూర దూరంలోనే ఉన్నారు. సెండ్ పద్ధతిలో డ్రాగన్‌ఫ్లై ప్లేట్ పెట్టి, డికే 1.2, ప్రీ-డిలే 39 చేశాను. మా పాట నిమిషానికి 96 చప్పట్ల కంటే కొంచెం నిదానమే అయినా తేడా తెలియలేదు. బిందె పోయింది. ఇప్పుడు అడగాలనిపిస్తున్నది ఏమంటే, నిజమైన స్థలం తాలూకు శబ్దాన్నే పట్టుకుని పాటకు పూసే కన్వల్యూషన్ రివర్బ్ అంటారు కదా, దానితో ఇంకా సహజంగా వస్తుందా?

గోదాము గొంతు, మిర్యాలగూడ:

ఈ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నాను. రీపర్‌లోని రియావెర్బ్ కన్వల్యూషన్ ప్లగినే, మీరు వాడిన రియావెర్బేట్ వేరు. ఒక స్థలంలో చిటుక్కుమనే అతి చిన్న శబ్దానికి ఆ స్థలం ఇచ్చే జవాబును ఇంపల్స్ రెస్పాన్స్ అంటారు. దాన్ని ఒక వేవ్ ఫైలుగా రియావెర్బ్‌లో తెరిస్తే, మీ పాట ఆ స్థలంలో పాడినట్లు వినిపిస్తుంది. యార్క్ విశ్వవిద్యాలయం వారి ఓపెన్‌ఎయిర్ సంగ్రహంలో చర్చిలు, గుహలు, మందిరాల ఇంపల్స్ ఫైళ్లు ఉచితంగా ఉన్నాయి, ఒక్కొక్కదాని వాడుక షరతులు చదువుకుని తీసుకోండి. అయితే విదేశీ చర్చిలో బతుకమ్మ పాడితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోవచ్చు.

మా మేనమామకు ధాన్యం గోదాము ఉన్నది. రెండేళ్ల క్రితం అది ఖాళీగా ఉన్న రోజున బుగ్గలు (బెలూన్లు) పగలగొట్టి ఇంపల్స్ పట్టుకుందామని వెళ్లాను. మొదటి బుగ్గ పగలగానే రేకుల కింద కూర్చున్న పావురాలన్నీ ఒక్కసారిగా లేచాయి. ఆ సంగతి పట్టించుకోకుండా ఇంటికి వచ్చి ఫైలును రియావెర్బ్‌లో వేసి, మా చెల్లెలి పాట వినిపించుకుంటే, ప్రతి అక్షరం వెనకా రెక్కల టపటప వచ్చింది. కన్వల్యూషన్ అంటే ఏమిటో నాకు ఆ పూట అర్థమైనంతగా ఏ పుస్తకంలోనూ అర్థం కాలేదు: ఫైలులో ఏమి ఉంటే అది ప్రతి అక్షరానికీ అంటుకుంటుంది.

రెండోసారి బుగ్గలు మానేసి, కింది స్థాయి నుంచి పై స్థాయికి సాగే కూతను స్పీకరులో వినిపించి రికార్డు చేశాను. ఇటలీకి చెందిన ఆంజెలో ఫరీనా 2000లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. రూమ్ ఇక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ కూతను పుట్టించి, కొలిచి, ఇంపల్స్‌ను వేవ్ ఫైలుగా తీసి ఇస్తుంది. బుగ్గ కన్నా కింది స్థాయి బాగా వస్తుంది, వెనక సన్నగా సాగే చప్పుడు ఉన్నా పెద్దగా పాడుకాదు. ఫోనులో మాత్రం రికార్డు చేయకండి, ఫోను తనంతట తానే శబ్దాన్ని తగ్గిస్తూ పెంచుతూ తోక ఆకారాన్నే మార్చేస్తుంది.

గోదాము ఖాళీగా ఉన్నప్పుడు తోక చాలా పొడవు, పాటకు పనికిరాదు. వడ్ల బస్తాలు సగం వరకు పేర్చిన తరువాత మళ్లీ పట్టుకున్న ఫైలే నేను ఇప్పటికీ వాడుతున్నది. బస్తాలు కూడా బొంతల్లాంటివే కదా. పంతులమ్మ గారూ, మీ పక్కనే పచ్చల సోమేశ్వరాలయం, ఛాయా సోమేశ్వరాలయం ఉన్నాయని మీకు ఆశ పుట్టవచ్చు. అటువంటి చోట్ల అనుమతి లేకుండా ఏ ప్రయోగమూ చేయకండి, బుగ్గల మాట అసలే వద్దు.

మీ ప్రశ్నకు సూటిగా జవాబు: సహజత్వం పెరుగుతుంది, వెసులుబాటు తగ్గుతుంది. కన్వల్యూషన్‌లో తోకను కోయవచ్చు, కుదించవచ్చు, కాని అది ఎప్పటికీ అదే స్థలం, అదే మైకు చోటు. లెక్కలతో రివర్బ్ పుట్టించే ఆల్గారిథమ్ ప్లగిన్‌లో అయితే పాట వేగం మారినప్పుడల్లా డికేను మార్చుకోవచ్చు. పద్నాలుగు పాటలు పద్నాలుగు వేగాల్లో ఉంటే మీకు రెండోదే నయం.

వనపర్తి చెవి, వనపర్తి:

డబ్బు సంగతి ఎవరూ మాట్లాడలేదు కనుక రెండు మాటలు చెబుతాను. 50 డాలర్లు అంటే నాలుగు వేల రూపాయలు దాటుతుంది, దాని మీద బ్యాంకు వారి విదేశీ లావాదేవీ రుసుము, ఆ రుసుము మీద జీఎస్టీ పడతాయి. కార్డుకు అంతర్జాతీయ చెల్లింపుల అనుమతిని ముందుగా తెరుచుకోకపోతే చెల్లింపు తిరిగి వచ్చేస్తుంది. కొనే ముందు లైసెన్స్ ఎన్ని కంప్యూటర్లకు చెల్లుతుందో చదవండి. నేను ఒక సంస్థ దగ్గర పండుగ తగ్గింపులో ఒక రివర్బ్ కొన్నాను. ఆరు నెలలకు ల్యాప్‌టాప్ బోర్డు కాలిపోయింది. పాత యంత్రంలో లైసెన్స్‌ను రద్దు చేసి రమ్మన్నారు. కాలిపోయిన యంత్రాన్ని ఎలా తెరుస్తాను? మూడు వారాల ఉత్తరాల తరువాత ఇచ్చారు. క్రాక్ చేసినవి దించుకోవడం మాత్రం వద్దే వద్దు, పద్నాలుగు పాటలు ఉన్న యంత్రంలోకి వైరస్ తెచ్చుకున్నట్లవుతుంది.

ఇంకొకటి. ఈ పాటలను ఎవరు వింటారు? బంధువులు ఫోనులో వింటారు, సద్దుల నాడు ఎవరో ఒకరు పెద్ద బాక్సుల్లో పెడతారు. ఫోనులో వింటే కుడి ఎడమలు దాదాపు కలిసిపోయి, వెడల్పుగా పరుచుకున్న రివర్బ్ చిక్కబడి గొంతు మీదికి రావచ్చు, ఒక్కోసారి పలచబడి మాయం కావచ్చు. మాస్టర్ ట్రాక్‌ను మోనో చేసి, అంటే కుడి ఎడమలను ఒకటిగా కలిపి, తప్పక వినండి. బాక్సుల్లో పెట్టినప్పుడు ఊరి గోడలే రివర్బ్ ఇస్తాయి. అందుకోసం రివర్బ్ సగానికి తగ్గించిన మరో ప్రతిని తీసి ఉంచుకోండి.

పానగల్లు పంతులమ్మ, నల్లగొండ:

మీ అందరి మాటలూ కలిపి ఒక పరీక్ష పెట్టాను. బొంతల మధ్య పాడిన ఒకే పాటను నాలుగు ప్రతులుగా తీశాను: డ్రాగన్‌ఫ్లై ప్లేట్‌తో ఒకటి, టాల్‌తో ఒకటి, వింటేజ్‌వెర్బ్ డెమోతో ఒకటి, ఓరిల్‌రివర్‌లో తోకను పూర్తిగా మూసి తొలి ప్రతిధ్వనులు మాత్రమే ఉంచి ఒకటి. గట్టిగా ఉన్నదే బాగున్నట్లు అనిపిస్తుందని చదివాను కాబట్టి నాలుగింటి మోతాదునూ మీటరు చూసి సమానం చేశాను. పేర్లు చెప్పకుండా అంకెలు వేసి, పాడిన నలుగురికే ఫోనులో వినిపించాను.

ఇద్దరు డ్రాగన్‌ఫ్లైని ఎంచుకున్నారు, ఒకరు వింటేజ్‌వెర్బ్‌ను. ఆ ముగ్గురినీ మర్నాడు మళ్లీ అడిగితే ఇద్దరు మాట మార్చారు. మా అమ్మ మాత్రం రెండు రోజులూ ఓరిల్‌రివర్ ప్రతినే చూపించింది. కారణం అడిగితే, మిగతావాటిలో రెండో పాదం ఎత్తుకునేచోట తన మాట సగమే వినబడుతున్నదని చెప్పింది. వెళ్లి చూస్తే ఆ పాదం రెండు చప్పట్లకు కాదు, ఒకటిన్నరకే మొదలవుతున్నది. డికేను 0.9కి దించాక ప్లేట్ ప్రతినీ ఆమె ఒప్పుకున్నది. తంబుర గారి లెక్క సరిగానే ఉన్నది, చప్పట్లు లెక్కపెట్టడంలో పొరపాటు నాది.

ప్లగిన్ కొనడం లేదు. ఆ డబ్బుకు మరికొంత కలిపి ముగ్గురిలో ఒకరికైనా విడిగా మైకు పెట్టాలని ఉన్నది గాని, దానికి ఇంటర్‌ఫేస్ కూడా మారాలి కనుక ఈ ఏడాదికి అలాగే కానిస్తాను. చివరి ప్రశ్న ఒకటి: రెండు పాటల్లో మా తమ్ముడి డప్పు ఉన్నది. గొంతులకు బాగున్న అదే రివర్బ్ ట్రాక్‌కు డప్పును పంపితే రేకు మీద వాన పడినట్లు వస్తున్నది. ఏమి చేయాలి?

పాలమూరు తంబుర, మహబూబ్‌నగర్:

డప్పును ప్లేట్‌కు పంపకండి. సిర్రతో కొట్టిన దెబ్బ అతి చిన్నది, పదునైనది. ప్లేట్ తోక వెంటనే చిక్కగా మొదలవుతుంది కనుక ప్రతి దెబ్బా అందులో చిట్లుతుంది. డ్రాగన్‌ఫ్లై ఎర్లీ రిఫ్లెక్షన్స్ ఒక్కదానినే వేరే ట్రాక్‌లో పెట్టి, 200 హెర్ట్జ్ కింద కోసి, కొద్దిగా పంపండి. డప్పు అదే వాకిట్లో నాలుగడుగులు వెనక నిలబడుతుంది. వీలైతే డప్పును గదిలో కాక వాకిట్లోనే విడిగా రికార్డు చేయండి, అప్పుడు ఏ ప్లగినూ అక్కరలేదు. ఒక్కటి గుర్తుంచుకోండి: మంట దగ్గర కాచిన వెంటనే ఉన్న శ్రుతి పది నిమిషాలకు జారిపోతుంది. మొదటి టేకు చివరను, మూడో టేకు మొదటను అతికిస్తే ఆ అతుకు ఏ రివర్బ్ కిందా దాగదు. ప్రతి టేకుకు ముందు తమ్ముడి చేత మళ్లీ కాయించండి.